గుమ్మం దాకా

స్టూడియో వెనక గది,
జనవరి 9

అక్కా,

ఉత్తరం ఆలస్యమైనందుకు తిట్టుకునే ఉంటావు. ఫోన్ చేయొచ్చుగా అని బావ గొణిగే ఉంటారు. పొద్దస్తమానం చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునే మనిషికి సాయంత్రం ఫోన్ మోగితే ఎంత ఒళ్ళు మండుతుందో ఆయనకేం తెలుసు? కాగితమైతే నోరు మూసుకుని ఉంటుంది. అందుకే నాకు ఉత్తరాలే హాయి.

మా స్టూడియోకి కొత్తకోడలు వచ్చింది. మెషిను. దానికేదో పేరుంది, నాకు నోరు తిరగదు. వచ్చిన దగ్గర్నుంచీ అందరూ దాన్నే మెచ్చుకుంటున్నారు కనక కొత్తకోడలని నేనే పేరు పెట్టాను. సినిమా బొమ్మ చూపిస్తే చాలు, అందులో మనిషి ఎలా నడుస్తోందో చూసుకుని అడుగుల చప్పుడు తనే పుట్టిస్తుంది. ఇసుక మీదైతే ఇసుక చప్పుడు, చెక్క మీదైతే చెక్క చప్పుడు. ఒక్క రీలుకి అడుగులు వేయడానికి నాకు రెండు రోజులు పట్టేది. అది మేము టీ తాగి వచ్చేలోపు చేసేస్తుంది.

నేర్చుకున్నదెక్కడ? నా కాళ్ళ దగ్గరే. ఇరవై రెండేళ్ళుగా ఈ స్టూడియో సినిమాల్లో నడిచిన ఆడవాళ్ళందరి కాళ్ళూ నావే కదా. హీరోయిన్ వర్షంలో పరిగెత్తినా, అత్తగారు వంటింట్లోంచి విసురుగా వచ్చినా, మా గదిలోని నలభై జతల చెప్పుల్లో ఏదో ఒకటి తొడుక్కుని, తెర ముందు ఉన్నచోటే నడిచింది నేను. ఆ రికార్డింగులన్నీ, ఎడిటింగులో కత్తిరించి పారేసిన ముక్కలతో సహా దానికి తినిపించారు. నేను సంతకం పెట్టాను. పెట్టకపోతే గుర్రాల బాబాయి గతే పట్టేది. మగవాళ్ళ అడుగులూ, గుర్రాల డెక్కలూ ఆయనవి. ముప్ఫై ఏళ్ళు చేశాడు. మొన్న చెప్పుల పెట్టె తనే మోసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. నన్ను మాత్రం ఉంచారు, అది వేసిన అడుగులు విని తప్పులు పట్టడానికి. అత్తగారి హోదా అనుకో.

మొదట్లో వింటుంటే ఎవరో నా కాళ్ళు తొడుక్కుని తిరుగుతున్నట్టు ఉండేది. ఇప్పుడు అలవాటైంది. తప్పులు కూడా పెద్దగా లేవు. ఒక్కటే ఉంది. ఆడమనిషి తలుపు దగ్గరికొచ్చే సీను ఇస్తే అడుగులు లోపలికి రావు. బొమ్మలో ఆవిడ తలుపు తోసుకుని వచ్చి, కూర్చుని, కబుర్లు కూడా మొదలుపెట్టేస్తుంది. చప్పుడులో మాత్రం ఇంకా గుమ్మం బయటే ఆగి ఉంటుంది.

"మీ కోడలికి మర్యాద ఎక్కువమ్మా, పిలిస్తే గానీ రాదు," అన్నాడు మా ఓనరు. పగలబడి నవ్వాం. అది మొదటిసారి. నిన్నటికి అలాంటివి పదిహేడయ్యాయి. ఇప్పుడెవరూ నవ్వడం లేదు.

బావ మోకాలు ఎలా ఉంది?

నీ చెల్లి


ఆస్పత్రి, నడకల హాలు,
జనవరి 20

చిట్టెలుకా,

మోకాలికి రోజూ పది నిమిషాలు వ్యాయామం చేయమన్నాను. నేను చూస్తున్నప్పుడు చేస్తారు, నేను అటు తిరగ్గానే కుర్చీలో కూలబడతారు. ఊళ్ళో అందరినీ నడిపించే డాక్టరమ్మ మొగుడే కుంటుతున్నాడని మా ఆస్పత్రిలో ఇదో పెద్ద జోకు.

నీ ఉత్తరం చదివి నాకు నవ్వు రాలేదు. నడకంటే ఏమనుకుంటున్నావు? అది వేలిముద్ర లాంటిది. ఈ హాల్లో ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. మొహం మీద గుడ్డ కప్పి నడిపించినా ఎవరు ఎవరో చెప్పేస్తాను. కాలు పోయి కొయ్యకాలు పెట్టుకున్నవాళ్ళు కూడా కొన్నాళ్ళకి పాత నడకే నడుస్తారు, కొయ్య సైతం వాళ్ళకి లొంగిపోతుంది. నువ్వు సంతకం ఒక్కటే ఇచ్చాననుకుంటున్నావు. వేలు కోసి ఇచ్చావు. సరే, అయిందేదో అయింది. అరిచి గోల చేసేదానివి కాదు కనక నిన్ను ఉంచారు, గుర్రాల బాబాయిని పంపారు. ఆయనకి ఒకసారి కనపడి రా.

తలుపు దగ్గర ఆగితే ఆగనీ. మెషిన్లకీ మొండితనం ఉంటుంది కాబోలు. అవునూ, ఏం తలుపులవి? అన్నీనా, లేక ఇళ్ళ తలుపులేనా? ఊరికే అడుగుతున్నాను.

అక్క


స్టూడియో వెనక గది,
ఫిబ్రవరి 6

అక్కా,

భలే అడిగావు. ఇళ్ళ తలుపులే. ఆఫీసుల్లోకీ, కొట్లలోకీ, రైలు పెట్టెల్లోకీ జంకు లేకుండా వెళ్ళిపోతుంది. ఇంటి తలుపు, అదీ మూసి ఉన్నదైతేనే ఆగుతుంది. నువ్వు అడిగేదాకా మాలో ఒక్కరికీ ఆ తేడా తట్టలేదు. ఇంజనీరమ్మకి చెప్తే జుట్టు ముడిలోంచి పెన్సిలు తీసి రాసుకుంది.

ఇంజనీరమ్మంటే మెషినుతో పాటు కంపెనీ పంపిన మనిషి. నెమ్మదస్తురాలు. "ఇది సొంతంగా ఏదీ పుట్టించదు మేడం. మీరిచ్చిన దాంట్లోంచే తీస్తుంది," అంటుంది ఎప్పుడడిగినా.

నిన్న మధ్యాహ్నం ఆవిడ ఒక పరీక్ష పెట్టింది. సినిమా లేదు. మూసిన తలుపు ఫొటో ఒకటి, అంతే. మనిషి లేనప్పుడు అడుగులు ఉండకూడదు కదా. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఎక్కడో కిందనుంచి మొదలయ్యాయి. ఆడమనిషి అడుగులు. రాతి మెట్లు. పదకొండు మెట్లెక్కి మలుపు తిరిగింది. ఇంకో ఏడు ఎక్కింది. ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, మెషిను ఆగిపోయిందేమోనని ఇంజనీరమ్మ వంగి చూసింది. అప్పుడు మళ్ళీ కదిలాయి. ఏడు, మలుపు, పదకొండు. దిగిపోయింది.

"ఇలాంటి మెట్లు మీరెప్పుడైనా రికార్డు చేశారా మేడం?"

మా గదిలో ఉన్నవి మూడు రాతి మెట్లక్కా. ఇన్నేళ్ళూ వాటి మీదే ఎక్కుతూ దిగుతూ మేడలన్నీ ఎక్కాను. పద్దెనిమిది ఎక్కడివి?

ఇంకో సంగతి. ఆ నడక నాది కాదు. నా అడుగు నాకు తెలుసు. ఈవిడకి ఒక కాలు ఆలస్యంగా పడుతోంది, పడ్డాక కాస్త ఈడుస్తోంది. అలాంటి మనిషికి నేను అడుగులు వేసిన గుర్తు లేదు. నడకని బట్టి మనిషిని చెప్పేస్తానన్నావుగా, నీ ఫోనుకి పంపాను, విను.

ఎవరక్కా ఈవిడ?

నీ చెల్లి


ఆస్పత్రి,
ఫిబ్రవరి 19

చిట్టెలుకా,

విన్నాను. ఫోన్లో సరిగ్గా వినపడలేదు. మెట్లెక్కే చప్పుడు ఎక్కడైనా మెట్లెక్కే చప్పుడే. ఎడమ కాలు ఈడ్చే మనుషులు నా దగ్గరికి రోజుకి పదిమంది వస్తారు, అందులో వింతేమీ లేదు. మెషినులో ఏదో తప్పు పడి ఉంటుంది. ఆ ముక్క తుడిచేయమని మీ ఇంజనీరమ్మకి చెప్పు. ఇలాంటివి మళ్ళీ పంపకు.

పని ఎక్కువగా ఉంది. మీ బావ కులాసా.

అక్క


స్టూడియో వెనక గది,
మార్చి 3

అక్కా,

ఎడమ కాలని నేను రాయలేదు.

"ఒక కాలు" అని రాశాను. చప్పుడు విని అది ఏ కాలో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇరవై రెండేళ్ళ నుంచీ అదే పని చేస్తున్నదాన్ని చెప్తున్నాను. కళ్ళతో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

నువ్వు తుడిచేయమన్నావు. నేను తుడవలేదు సరికదా, నా పాత రికార్డింగులు బయటికి తీశాను. కత్తిరించనివి. నాలుగు రోజులు అవే విన్నాను. అక్కా, నేను ప్రతి తలుపు దగ్గరా ఆగాను. ఇరవై రెండేళ్ళలో ఒక్క గుమ్మం కూడా తిన్నగా దాటలేదు. తెర మీద మనిషి చకచకా లోపలికి వెళ్ళిపోతుంటే నేను గుమ్మం ముందు ఒక్క క్షణం నిలబడి, ఒక కాలు కొంచెం ఈడ్చి, అప్పుడు నడిచాను. ఎడిటర్లు ఆ కాస్తా కోసి పారేశారు కనక ఎవరికీ తెలియలేదు. నాకే తెలియలేదు. పారేసినవన్నీ ఏరుకుని తిన్నది ఆ మెషినే. నా చెయ్యి ఏం చేస్తోందో నాకు తెలియకపోతే నమ్ముతాను. నా కాళ్ళు ఇన్నేళ్ళు నాకు చెప్పకుండా ఎవరి నడక నడిచాయి?

ఇంజనీరమ్మ ఆ తలుపు ఫొటోకే ఇంకాస్త ఎక్కువసేపు నడిపింది. కిందకి దిగాక అయిపోలేదు. చివరి మెట్టు దగ్గర బట్టల చప్పుడు, బరువుగా కూర్చున్న చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అక్కడే కూర్చుని ఉంది.

నీకు కోపం వస్తుందని తెలుసు. అయినా అడుగుతున్నాను. అమ్మ గురించి నాకు తెలిసినవి రెండే ముక్కలు. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మమ్మ ఊరికి వెళ్ళింది. అక్కడ జబ్బు చేసి పోయింది. రెండూ నువ్వు చెప్పినవే.

అమ్మ ఎలా నడిచేది?

చెల్లి


ఇల్లు, వంటింటి బల్ల,
మార్చి 25

చెల్లెలికి,

నీ ఉత్తరం రెండు వారాలు సంచిలో పెట్టుకుని తిరిగాను.

ముందు చిన్న అబద్ధం సంగతి. సరిగ్గా వినపడలేదని రాశాను. వంటింట్లో ఈ బల్ల మీదే ఫోను పెట్టి విన్నాను. ముందు గదిలో పేపరు చదువుతున్న మీ బావ, "ఎవరో మెట్లెక్కి వస్తున్నారు, చూడు," అని కేకేశారు. మా ఇంటికి మెట్లు లేవని నీకు తెలుసు. ఆయనకి తెలియదా? అయినా ఆ మోకాలితోనే లేచి వెళ్ళి తలుపు తీసి చూశారు. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను.

ఇప్పుడు పెద్దది. అమ్మ అమ్మమ్మ ఊరికి వెళ్ళలేదు. నాన్నతో పడలేక ఇల్లు వదిలి వెళ్ళింది. ఎవరితోనూ కాదు, ఒక్కతే. ఇద్దరు ఆడపిల్లల్ని వదిలేసి ఎలా వెళ్ళగలిగిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. నాన్న చేయి ఎంత బరువో తర్వాత నా చెంపకి తెలిశాక అర్థమైంది. నాకు పదిహేనేళ్ళు. వంటా, నీ జడా, నాన్న కోపమూ అన్నీ నా నెత్తిన పడ్డాయి. అమ్మని తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కేది.

ఎనిమిది నెలలు పోయాక నీకు విషజ్వరం వచ్చింది. ఎవరు చెప్పారో ఏమో, ఒక మధ్యాహ్నం వచ్చింది. నాన్న పనిలో ఉన్నాడు. కిటికీలోంచి చూశాను. వీధి దాటి వస్తోంది, ఎడమ కాలు ఈడుస్తోంది. ఎక్కడ ఏ దెబ్బ తగిలిందో. అప్పుడు మనం ఉన్నది మేడ మీద వాటా. పదకొండు మెట్లు, మలుపు, ఏడు. రోజూ ఆ మెట్లు కడిగినదాన్ని, నాకు లెక్క తెలీదా?

తలుపు కొట్టలేదు. ఊరికే నిలబడింది. ఇవతల నేనూ నిలబడ్డాను. మధ్యలో ఒక చెక్క. ఆవిడ వస్తే తలుపు తీయొద్దని నాన్న చెప్పిన మాట నిజమే. నేను తీయనిది మాత్రం అందుకు కాదు. మూసిన తలుపు ఎలా ఉంటుందో ఆవిడకీ కాస్త తెలియాలనుకున్నాను. కాసేపటికి దిగిపోయింది.

గంట తర్వాత నీ మందు అయిపోతే కొట్టుకి బయల్దేరాను. లోపల గడియ పెట్టుకో, ఎవరొచ్చినా తీయకు అని నీకు చెప్పి దిగాను. కింద మెట్టు మీద కూర్చుని ఉంది, గోడకి ఒరిగి. నేను పక్కనుంచే దిగాను. తలెత్తి నా మొహం చూసింది. ఏమీ అడగలేదు. నేనూ ఆగలేదు. తిరిగొచ్చేసరికి మెట్టు ఖాళీ. పిలిస్తే నువ్వు గడియ తీసి, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళి పడుకున్నావు. నీ జ్వరం తగ్గగానే నాన్న ఆ ఇల్లు ఖాళీ చేయించాడు.

పదకొండేళ్ళ తర్వాత అమ్మ పోయిందని ఒక కార్డు వచ్చింది. ఎక్కడో పిల్లల హాస్టల్లో వంట చేసేదట. ట్రైనింగని నీకు చెప్పి వెళ్ళి, జరగాల్సినవి జరిపించి వచ్చాను. నీకు అప్పుడైనా చెప్పాల్సింది. అమ్మ చచ్చిపోయిందన్న మాటని అప్పటికే పదకొండేళ్ళ ముందు వాడేశాను. మళ్ళీ ఏమని చెప్పను?

తలుపు బయట ఆగిన అడుగులు నువ్వు జ్వరంలో విని ఉంటావు, సరే. కింద మెట్టు మీద ఆవిడ కూర్చోవడం మాత్రం నేను తప్ప చూసినవాళ్ళు లేరు. ముప్ఫై తొమ్మిదేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, మీ బావకి కూడా. ఆ మెషినుకి ఎవరు చెప్పారు?

అక్క


స్టూడియో వెనక గది,
జూలై 11

అక్కా,

మూడు నెలలు రాయలేదు. నీ మూడు కార్డులూ అందాయి. జవాబివ్వకపోవడం కోపంతోనే, దాచను. నీ చేతులతో జడ వేసుకుని పెరిగినదాన్ని. నా పెళ్ళి కుదిరి తప్పిపోయినప్పుడు కూడా నీ ఒళ్ళో పడుకునే ఏడ్చాను. అన్నేళ్ళూ ఆ మాట నీ నోట్లో ఉంది. అది తలుచుకున్నప్పుడల్లా కాగితం చింపేశాను.

ఇప్పుడు రాయడం క్షమించానని చెప్పడానికి కాదు. ఇంకొకటి జరిగింది.

నీ ఉత్తరం వచ్చాక, ఆ తలుపు ఫొటోని ఆపకుండా నడపమని ఇంజనీరమ్మని నేనే అడిగాను. ఎందుకని ఆవిడ అడగలేదు. ఎక్కింది, ఆగింది, దిగింది, కూర్చుంది. అక్కడిదాకా తెలిసిందే. చాలాసేపటికి పైనుంచి ఇంకెవరో గబగబా దిగారు. చిన్న పాదాలు, కోపంగా. కూర్చున్న మనిషి పక్కనుంచి దాటిపోయాయి. అది నువ్వక్కా. తర్వాత కింద మనిషి లేచింది. మళ్ళీ ఎక్కింది. పదకొండు, మలుపు, ఏడు. ఈసారి తలుపు మీద అరచెయ్యి ఆనించి కిందకి జార్చిన చప్పుడు.

ఆ చప్పుడు వినగానే నా కాళ్ళ కింద చల్లగా తగిలింది. స్టూడియో నేల కాదు. ఆ ఇంటి నేల. నువ్వు చెప్పినట్టే లేచి గడియ పెట్టాను, కానీ మంచం దాకా వెళ్ళలేకపోయాను. తలుపు పక్కనే కూలబడ్డాను. మంచం మీంచి సగం, తలుపు పక్కనుంచి సగం, అన్నీ విన్నాను, కిందదాకా. మెషినుకి చెప్పింది నేనే.

"చిట్టెలుకా," అంది అమ్మ. తలుపుకి ఆనుకుని, మెల్లగా. "అక్క వెళ్ళిందిలే. ఒక్కసారి తియ్యమ్మా. చూసి వెళ్ళిపోతాను."

గడియ నాకు అందేదక్కా. అప్పుడే పెట్టానుగా. ఎవరొచ్చినా తీయొద్దన్నావు. అమ్మ కూడా "ఎవరొచ్చినా"లోకి వస్తుందా రాదా అని లేచి నిలబడి ఆలోచించాను. అంతే గుర్తుంది. తీయలేదు.

అదొక్కటే అయితే రాయకపోదును. మెషినులో ఆ తర్వాత దిగిన చప్పుడు లేదు. మూడు గంటలు నడిపాం. దిగలేదు. నిలబడ్డ మనిషి పూర్తిగా నిశ్శబ్దంగా ఉండదు, ఈ కాలి మీది బరువు ఆ కాలి మీదకి మార్చుకుంటుంది, చెప్పు కింద రాతిపొడి నలుగుతుంది. నిముషానికో రెండు నిముషాలకో ఆ చప్పుడు వస్తూనే ఉంది. ఇంజనీరమ్మ పెన్సిలు కింద పెట్టేసి, "ఆపనా మేడం?" అంది. ఆపమని నా నోటితో చెప్పలేకపోయాను. ఆవిడే ఆపింది.

ఓనరుకి ఇవన్నీ తెలియవు. తలుపుల తప్పు దిద్దాలని కంపెనీకి రాశాడు. పాత రికార్డింగుల్లోంచి గుమ్మాలన్నీ తీసేస్తాం, బదులుగా తిన్నగా లోపలికి వెళ్ళే అడుగులు కొత్తగా వేసి పంపమన్నారు వాళ్ళు. ముప్ఫై సార్లు వేశాను. ముప్ఫై సార్లూ ఆగాను. చివరికి ఇంజనీరమ్మ నా చెప్పులే తొడుక్కుని వేసింది. కొత్తదాంట్లో తలుపులు దాటేవి ఆవిడ కాళ్ళు. ఇప్పుడు మా సినిమాల్లో ఆడవాళ్ళందరూ టకటకా ఇళ్ళలోకి వెళ్ళిపోతున్నారు. ఓనరు సంతోషించాడు. నేను ఈ నెలాఖరుకి మానేస్తున్నానని చెప్తే పెద్దగా బాధపడలేదు.

పాతది మాత్రం కాపీలై అప్పటికే చాలా దేశాల స్టూడియోలకి వెళ్ళిపోయిందట. దాన్ని వెనక్కి రప్పించడం కుదరదట. ఎక్కడెక్కడో, ఏ భాషలోనో, ఏ తలుపు బయటో.

నాకు నిన్ను చూడాలని ఉంది. భయంగా కూడా ఉంది.

చిట్టెలుక


ఆస్పత్రి, నడకల హాలు,
ఆగస్టు 2

చిట్టెలుకా,

ఆరేళ్ళ పిల్లవి, ఒళ్ళు కాలిపోతోంది, నేను చెప్పిన మాట విన్నావు. ఆ గడియ నీ చేత పెట్టించింది నేను. అందులో నీ వాటా ఏమీ లేదు. నువ్వు ఒప్పుకోకపోయినా నేను ఇవ్వను.

మానేసి తిన్నగా ఇక్కడికి రా. మీ బావ నీ గది సర్దడం మొదలుపెట్టారు. అంటే కుర్చీలో కూర్చుని నాకు పనులు పురమాయిస్తున్నారు. ఆయనకి అంతా చెప్పాను. "ఆ రోజు తలుపు తీసినప్పుడు చల్లగాలి వచ్చింది, అంతే," అన్నారు.

నిన్న జరిగింది చెప్పి ముగిస్తాను. ఇక్కడ టీవీ ఒకటి ఉంది. పేషెంట్లు వంతు కోసం కూర్చుని ఏదో ఒకటి చూస్తుంటారు. నిన్న మధ్యాహ్నం ఎవరికీ అర్థంకాని భాషలో ఒక సీరియల్ వస్తోంది. నేను ఒక ముసలావిడకి వాకరు పట్టుకుని నడవడం నేర్పుతున్నాను. టీవీ వైపు నా వీపు. మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది.

తిరిగి చూడలేదు. లెక్కపెట్టాను. పదకొండు. మలుపు. ఏడు.

అప్పుడు చూశాను. ఎర్ర కోటు వేసుకున్న అమ్మాయి, ఏ దేశపు పిల్లో, తలుపు తోసుకుని ఇంట్లోకి వచ్చి ఎవరినో కౌగిలించుకుంది. మాట్లాడుతోంది, నవ్వుతోంది. ఆ మాటల కింద, చాలా మెల్లగా, రాయి మీద బరువు మారుతున్న చప్పుడు. పేషెంట్లు ఎవరూ పట్టించుకోలేదు. సీను మారింది. వీధి వచ్చింది, కార్లు వచ్చాయి. ఆ చప్పుడు అలాగే ఉంది. ఇక టీవీలోంచి వస్తున్నట్టు లేదు.

ముసలావిడని కుర్చీలో కూర్చోబెట్టాను. హాలు చివరికి నడిచాను. ముప్ఫై ఏళ్ళ నుంచీ రోజూ తోసుకుని వచ్చే తలుపే. దాని మీద చెయ్యి వేయడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను. తీశాను. వరండా ఖాళీగా ఉంది. గోడవారగా ఒక బల్ల, నేల మీద ఎండ.

"లోపలికి రామ్మా," అన్నాను. పైకే అన్నాను.

రెండు రెక్కలూ బార్లా తెరిచి, మూసుకుపోకుండా కుర్చీలు అడ్డం పెట్టాను.

"ఎవరైనా రావాలా డాక్టరమ్మా?" అని అడిగింది ముసలావిడ.

"రావాలి," అన్నాను.

ఏసీ చల్లదనమంతా బయటికి పోతోందని వెనకనుంచి ఎవరో అరిచారు. పోనీ అన్నాను.

అక్క